కుడి కాలి చప్పుడు

దవాఖానలో కొత్తగా ఉద్యోగానికి చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. పాత రోజుల కలరా గురించో, పాముకాట్ల గురించో చెబుతానని వాళ్ల ఆశ. అవీ చూశాను. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక కాలు. ఆ కథలో ఎవరూ చావలేదు. ఒక నేతపని మనిషి తిరిగి తన మగ్గం మీద కూర్చుంటాడా లేదా అన్నదొక్కటే ప్రశ్న. దానికి జవాబు దొరకడానికి డాక్టరు, నేను, ఒక మాజీ పహిల్వాను, ఒక తల్లి, ఒక భార్య అందరం కలిసి చాలాకాలం తిప్పలు పడ్డాం. మీరు ఇప్పుడు యంత్రాలు పెట్టి చేయించే కసరత్తులు అప్పుడు లేవు. మా దగ్గర ఉన్నది ఒక ఇసుక సంచి.

యుద్ధం నడుస్తున్న రోజులు. నేను సిద్దిపేటలో ఒక చిన్న దవాఖానలో కాంపౌండరుని. సీసాలు ఎక్కువ, మందులు తక్కువ. మా డాక్టర్ సాబ్ ఇంట్లో ఉర్దూ, దవాఖానలో తెలుగు, కోపం వస్తే ఇంగ్లీషు మాట్లాడేవారు. ఇంగ్లీషు తిట్లు మాకెవరికీ అర్థం కావు కనుక ఆయన కోపం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. పట్టీలు కట్టడానికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు తాలీంఖానాలో కుస్తీలు పట్టినవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం.

నేను కిరాయికి ఉన్న ఇంటికీ దవాఖానకూ మధ్య నేతగాళ్ల గల్లీ ఉండేది. పొద్దున దాని గుండా నడుస్తుంటే ఇంటింటి నుంచీ మగ్గాల చప్పుడు వినపడేది. ఆ గల్లీలోనే ఒక యువకుడు, చిన్నప్పుడు చింతచెట్టు మీది నుంచి పడి కుడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నాటుకట్టు కట్టారు. ఎముక అతికింది గానీ ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అతికాయి. కాలు మూడు వేళ్ల మందం పొట్టిదైపోయింది. గల్లీలో నడుస్తుంటే ఒక పక్కకు ఒరిగి, లేచి, మళ్లీ ఒరిగేవాడు. విచిత్రం ఏమిటంటే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే అతనికి అవిటితనం లేదు. ఆ గల్లీలో అతనంత చదునుగా బట్ట నేసేవాడు ఇంకొకడు లేడని చెప్పుకునేవారు.

పెళ్లయిన ఏడాదికి నడుము నొప్పి మొదలైంది. ఒరుగుతూ నడిచి నడిచి వచ్చిన నొప్పి. దవాఖానకు వచ్చాడు. డాక్టర్ సాబ్‌తో చదువుకున్న స్నేహితుడొకాయన అప్పుడే విలాయత్ నుంచి తిరిగొచ్చి పట్నంలో పెద్ద దవాఖానలో చేరాడు. పొట్టి కాలును పొడుగు చేసే ఆపరేషను ఆయన నేర్చుకొచ్చాడట. ఎముకను కోసి, కింది ముక్కలో ఒక ఉక్కు పుల్ల గుచ్చి, మంచం కాళ్ల వైపు బరువులు వేలాడదీసి, రోజూ కొంచెం కొంచెం సాగదీస్తారు. ఆ ఎడంలో కొత్త ఎముక పడుతుంది. ఇదంతా డాక్టర్ సాబ్ చెబుతుంటే ఉస్తాద్ నా చెవిలో, "సాగదీసేది మనిషినా, బెల్లం పాకాన్నా?" అన్నాడు.

ఆ యువకుడు మాత్రం ఒక్కటే అడిగాడు.

"నలుగుట్ల నిటారుగ నడుస్తనా సాబ్?"

"నడుస్తవ్," అన్నారు డాక్టర్ సాబ్.

పట్నం పోయిన మనిషి ఎండాకాలం దాటి, వానాకాలం దాటి, చలి ముదిరాక తిరిగొచ్చాడు. పెట్రోలు దొరకని రోజులు. వెనక బొగ్గు పొయ్యి తగిలించిన బస్సులో, చివరి సీటు మీద పొడుగ్గా పడుకోబెట్టి తీసుకొచ్చారు. సిమెంటు పట్టీ అక్కడే విప్పేశారు. డాక్టర్ సాబ్ టేపు తీసి నడుము దగ్గర ఎముక నుంచి చీలమండ దాకా కొలిచారు. ఎడమ కాలు కొలిచారు. మళ్లీ కుడి కాలు కొలిచారు. రెండూ సమానం. ఆయన ముఖం వెలిగిపోయింది. ఔట్ పేషెంట్లను కూడా పిలిచి చూపించారు. జ్వరంతో వచ్చిన ఒక ముసలాయన పాపం మందు సంగతి మరచిపోయి చాలాసేపు కాళ్లనే చూశాడు.

అందరం పొడుగే చూశాం. ఆ పొడుగు కాలికి తొడ ఉందా అని ఎవరం చూడలేదు. దుప్పటి అప్పుడు పూర్తిగా తీశాం. తొడ నా ముంజేతి కంటే లావు లేదు. ఇన్ని నెలలు కదలకుండా పడుకుంటే కండ మొత్తం కరిగిపోయింది. మోకాలు కొయ్యబారి కొద్దిగా మాత్రమే వంగుతోంది. లేపి నిలబెట్టాం. ఉస్తాద్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నా, బరువు పడగానే కాలు మడత పడి ముగ్గురం కలిసి మంచం మీద కూలబడ్డాం.

పట్నం డాక్టరు రాసి పంపిన మాట ఒక్కటే. ఎముక గట్టిగా ఉంది, ఇక కండరాలకు పని చెప్పండి అని. ఆ పని చెప్పించే బాధ్యత నాకు అప్పగించారు. తొడ బిగబట్టడం, వదలడం. మడమ కింద చెయ్యి పెట్టి కాలు లేపడం. తర్వాత చీలమండకు ఇసుక సంచి కట్టి లేపడం. ఉస్తాద్‌కు ఇది నచ్చలేదు. కండ అనేది మాలిష్‌తో వస్తుందని ఆయన నమ్మకం. రోజూ నువ్వుల నూనె తెచ్చి, నేను పోయిన తర్వాత తొడను పిండి పిసికేవాడు. కొన్ని వారాలకు కాలు నిగనిగలాడింది. కండ మాత్రం రాలేదు.

డాక్టర్ సాబ్ ఇంటి నుంచి అతనికి మేక కాళ్లతో కాచిన పాయా షోర్బా వచ్చేది. దాన్ని దవాఖాన గేటు నుంచి మంచం దాకా మోసుకెళ్లే పని నాది. దారిలో కాంపౌండరు రుచి చూస్తాడని ఉస్తాద్ ఒక ఆరోపణ చేశాడు. వేడి సరిగా ఉందో లేదో చూడాలి కదా.

తర్వాత అతన్ని ఇంటికి పంపాం. తిప్పలు అక్కడ మొదలయ్యాయి. తల్లి అతని పాదాన్ని నేల మీద పెట్టనివ్వలేదు. బహిర్భూమికి పోవాలన్నా ఇద్దరు మనుషులు మోసుకుపోవాల్సిందే. నేను పోయినప్పుడల్లా ఆమె తలుపు దగ్గరే ఆపేది.

"నిన్న లేపిండు గదా బిడ్డా, ఇయ్యాల ఇడిసిపెట్టు. అతికిన బొక్క మల్ల ఇరిగితే ఎవలు దిక్కు?"

"బొక్కకు ఏం కాదవ్వా. లేపకుంటెనే కాలు ఎండుతది."

"ఎండితె ఎండనియ్యి. ఇరగకుంటె చాలు."

ఆమె తప్పేం లేదు. ఒకసారి ఆ ఎముక విరగడం కళ్లారా చూసిన మనిషి. రెండోసారి డాక్టర్లే కోశారు. మూడోసారి ఆమె ఒప్పుకోదు. కొడుకేమో నేను ఎదురుగా ఉన్నంతసేపే కాలు లేపేవాడు. నేను గల్లీ మలుపు తిరగక ముందే ఇసుక సంచి మంచం కిందికి పోయేది. ఒకరోజు కోపం వచ్చి గట్టిగానే అన్నాను.

"ఏందయ్యా, నాకోసం లేపుతున్నవా, నీకోసం లేపుతున్నవా?"

అతను నెమ్మదిగా జవాబిచ్చాడు. "సాబ్, నా కాలు దినమంత పనిజేసిన కాలు. ఒక తొక్కుడుకు ఒక పోగు వడేది. గీ సంచి లేపితె ఏం వడ్తది? లేపుడు, దించుడు. పిచ్చి లేసినట్టున్నది."

నిజమే, మనం రోగిని బాగుపడటానికి పని చేయమంటాం. అతను పని చేయడానికి బాగుపడాలనుకుంటాడు. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు ఆ ఇంట్లో తెలిసింది.

ఇంతలో ఇంకో గండం. అప్పుడు నూలు దొరకడమే కష్టం. దుబ్బాక నుంచి నూలు తెచ్చి ఇచ్చే సావుకారు పని జరిగే మగ్గాలకే ఇస్తున్నాడు. ఇన్నాళ్లూ భార్య ఇరుగుపొరుగు మగ్గాలకు నూలు కండెలు చుట్టి ఇల్లు నడిపింది. మగ్గం ఉత్తగానే ఉంది. చివరికి సావుకారు తువాలలకు సరిపోయే నిలువు పోగుల చిన్న పడుగు ఒకటి ఇచ్చి, ఇది నేసి దించితే తర్వాతది ఇస్తానని, లేకపోతే ఆ నూలు వంతు వేరే వాళ్లకు పోతుందని చెప్పాడు. అంటే ఇల్లు మూసి షోలాపూర్ మిల్లులకు పోవడమే. ఆ గల్లీలో అప్పటికే తాళాలు పడ్డ ఇళ్లు ఉన్నాయి. అయినా మిల్లులో దినమంతా నిలబడాలి. నిలబడలేని మనిషికి అక్కడ మాత్రం ఏం పని?

మేం అందరం సంతోషించాం. మగ్గం ఎక్కితే కాలికి పని దొరుకుతుంది, కండ అదే వస్తుందని డాక్టర్ సాబ్ అన్నారు. తల్లి కూడా మగ్గం అనేసరికి అడ్డు చెప్పలేదు. పడుగు ఎక్కించారు.

మర్నాడు మధ్యాహ్నం భార్య దవాఖానకు పరుగెత్తుకొచ్చింది. మామూలుగా గడుసుగా మాట్లాడే పిల్ల. ఆ రోజు గుమ్మం పట్టుకుని రొప్పుతూ నిలబడింది. కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను. తాగి చెప్పింది.

"పొద్దుగాల గుంటల కూసున్నడు సాబ్. కుడి కాలుతోని తొక్కవోతె మోకాలు ఒంగుత లేదు, దుంగకు తాకుతున్నది. కాలు లేస్త లేదు. గంటకొక్క పోగు వడ్త లేదు. గిప్పుడు గుంటల నుంచి లేవనంటుండు."

"ఏమంటుండు?" అడిగారు డాక్టర్ సాబ్.

ఆమె తల దించుకుంది. "నా పొట్టి కాలు నాకియ్యిమనుండ్రి అంటుండు."

డాక్టర్ సాబ్ రాస్తున్న చీటీ పక్కన పెట్టేశారు. ఇంగ్లీషులో తిట్టలేదు. సాగదీసినప్పుడు నరం ఏదైనా దెబ్బతిన్నదేమో, మళ్లీ పట్నం పంపాలేమో అని గొణిగారు. తర్వాత టోపీ తీసుకుని లేచారు. ఉస్తాద్, నేను వెనకే నడిచాం. గల్లీలోకి డాక్టరు కాలినడకన రావడం చూసి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో పోయారనుకున్నారు పాపం.

గుడ్డి వెలుతురు ఉన్న గదిలో, గుంటలో కాళ్లు వేలాడేసి అతను కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఏడ్చిన కళ్లు. డాక్టర్ సాబ్ కాలు తట్టి చూశారు, పాదం కదిలించమన్నారు, సూదితో గుచ్చి చూశారు. నరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కండ తక్కువే గానీ ఒక తొక్కుడు కట్టెను కూడా తొక్కలేనంత తక్కువ కాదు. ఆయనకు అంతుపట్టలేదు.

"జర జరుగు," అన్నారు. "నేను కూసుంట."

ఇంట్లో అందరూ బిత్తరపోయారు. మగ్గం దగ్గరికి చెప్పులతో పోకూడదు. ఆయన బూట్లు, మేజోళ్లు విప్పి గుమ్మం బయట పెట్టారు. ఆ ఇంటివాళ్లు రోజూ పొద్దున చేసేటట్టే, మగ్గాన్ని చేత్తో తాకి కళ్లకు అద్దుకున్నారు. ఎవరు నేర్పారో తెలియదు, వైద్యానికి పోయిన నేతగాళ్ల ఇళ్లలో గమనించి ఉంటారు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, ఎడమ కాలితో కట్టెను తొక్కారు. ఎడమది దిగితే కుడిది లేస్తుంది, అదీ మగ్గం పద్ధతి. కుడి కట్టె లేచింది, దాంతో ఆయన కుడి మోకాలు పోయి బట్ట చుట్టే దుంగకు ఠక్కుమని కొట్టుకుంది. ఉస్తాద్ గోడ వైపు తిరిగి నవ్వు మింగాడు.

డాక్టర్ సాబ్ మోకాలు రుద్దుకుని మళ్లీ తొక్కారు. మళ్లీ కొట్టుకుంది. ఆయన ముఖంలో కోపం లేదు. దీపం అడిగారు. గుంటలోకి వంచి చూస్తే, కుడి తొక్కుడు కట్టె మీద ఒక చెక్క దిమ్మ, తాళ్లతో బిగించి కట్టి ఉంది. ఏళ్ల తరబడి పాదం ఒరుసుకుని అది నున్నబడి, కట్టెలో కలిసిపోయింది. మూడు వేళ్ల మందం.

"గిది ఎవరు కట్టిండ్రు?"

అతను దిమ్మ వైపు ఏదో కొత్త వస్తువును చూసినట్టు చూశాడు. అది అక్కడ ఉన్నట్టు అతనికి తెలియక కాదు. పాదం పెట్టిన నాటి నుంచీ ఉంది కనుక అదీ మగ్గంలో భాగమే అనుకున్నాడు. చివరికి తల్లి అంది.

"మా ఆయన కట్టిండు సాబ్. పోరనికి కాలు అందుత లేదని చెక్క చెక్కి, గుంటల దిగి కట్టిండు. కట్టినాక ఒక్క దినం గూడ వీడు కుంటోడన్నట్టు అనిపియ్యలే. ఆయన వొయినంక గా ముడి నేనెవ్వలను ముట్టనియ్యలే."

డాక్టర్ సాబ్ దీపం పక్కన పెట్టారు. "అరే భాయ్," అన్నారు అతని భుజం మీద చెయ్యి వేసి, "పట్నంల మా దోస్త్ చేసిన పనే మీ నాయిన ఎప్పుడో చేసిండు. ఒక్క పని ఇద్దరు జేస్తె గిట్లయితది. నీ కాలు మంచిగనే ఉన్నది."

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. పేరున్న డాక్టరు చేసిన పనినీ, గుంటలో దిగి ఒక తండ్రి చేసిన పనినీ ఆయన ఒకే లెక్కలో వేశారు. అతను అప్పుడు ఏడుపు ఆపుకోలేదు. మేమూ ఆపమనలేదు.

ఉస్తాద్ జేబులోంచి పట్టీలు కోసే కత్తెర తీశాడు. తల్లి వెంటనే చెయ్యి అడ్డం పెట్టింది.

"కొయ్యకు."

ఆమె ఒప్పుకోదని అనుకున్నాం. భార్య ఏదో చెప్పబోయింది. ముసలమ్మ ఆమెను పక్కకు జరగమని సైగ చేసి, గుంట అంచున కూర్చుని, మెల్లగా లోపలికి దిగింది. తాళ్లు బిగిసి రాయిలా ఉన్నాయి. గోళ్లతో ప్రయత్నించింది, కాలేదు. కోడలు పడుగు పోగులు లాగే ఇనప కొక్కెం అందించింది. దాన్ని ముడిలో దూర్చి కొంచెం కొంచెం వదులు చేసింది. మధ్యలో ఒకసారి ఆగి, మాకు కాకుండా ఆ ముడికే చెప్పినట్టు అంది.

"మస్తు గట్టిగ గట్టినవ్. గిప్పుడు వానికి అక్కర లేదు."

దిమ్మ ఊడి వచ్చాక దాన్ని కొంగులో చుట్టుకుని పైకి వచ్చింది. చెయ్యి అందించిన ఉస్తాద్ ముఖం నావైపు తిప్పలేదు.

అతను మళ్లీ కూర్చున్నాడు. మంచి కాలితో ఎడమ కట్టె తొక్కాడు. కుడి కట్టె లేస్తూ బలహీనమైన కాలిని తనతో పాటు పైకి తీసుకొచ్చింది. మోకాలు దుంగకు తాకలేదు. ఇక కుడి కాలి వంతు. తొడ వణికింది. రెండు చేతులతో మోకాలిని నొక్కుకున్నాడు. కట్టె సగం దాకా దిగింది, ఆగింది, ఇంకొంచెం దిగింది. పడుగు తెరుచుకుంది. అడ్డపోగు లాగే నాడె అటు నుంచి ఇటు పోయింది. ఒక్క పోగు పడింది. తల్లి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కాలు నొప్పి పెడుతుందేమో అని ఆమె ఆ రోజు అడగలేదు.

ఆ మర్నాటి నుంచి ఇసుక సంచి మంచం కిందికి పోలేదు. దేనికి లేపుతున్నాడో తెలిసింది కనుక నేను లేకున్నా లేపేవాడు. కాలు వణికేదాకా తొక్కడం, వణకగానే ఆపడం అని డాక్టర్ సాబ్ నియమం పెట్టారు. వణికిన తర్వాత మాలిష్ చేస్తానని ఉస్తాద్ అన్నాడు, ఆయన గౌరవం కూడా దక్కాలి కదా. తల్లి, నేను ఇప్పుడు వాళ్లింటికి మోసుకొచ్చే పాయాలో మిరియాలు ఎక్కువ వేయమని డాక్టర్ సాబ్ ఇంటికి కబురు పంపింది. ఆ కారానికి కాంపౌండరు రుచి చూడటం తగ్గింది.

మొదటి తువాలలు బాగా రాలేదు. కుడి కాలు తొక్కినప్పుడు పడుగు సరిగా తెరుచుకోక నాడె కొన్ని పోగులు తప్పించుకుని పోయేది. సావుకారు వాటిని వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచాడు. నేతగాడు తల వంచుకున్నాడు. కోడలు వంచుకోలేదు.

"తువాలే గదా సావుకారూ. మొఖం తుడుసుకుంట పోగులు లెక్కవెడ్తరా?"

సావుకారు తర్వాతి పడుగు ఇచ్చాడు.

నాకు పొద్దున ఆ గల్లీలో నడవడం అప్పటి నుంచి వేరే పని అయిపోయింది. ఆ ఇంటి ముందు నడక నిదానం చేసి చెవి పెట్టేవాణ్ణి. ఎడమ కాలు తొక్కితే చప్పుడు వెంటనే వచ్చేది. కుడి కాలు తొక్కితే కొంచెం ఆలస్యం, ఆ తర్వాత మెత్తటి చప్పుడు. మనిషి గల్లీలో దాదాపు నిటారుగా నడవడం మొదలుపెట్టాడు గానీ మగ్గం కుంటుతూ ఉంది. దవాఖానలో అడుగు పెట్టగానే డాక్టర్ సాబ్ అడిగేవారు.

"ఏమంటుంది కుడి కాలు?"

"ఇంకా కుంటుతుంది సాబ్."

ఆయన తలాడించి తన పనిలో పడేవారు. ఇలా చలి పోయింది, ఎండలు వచ్చాయి, వానలు కూడా పడ్డాయి. కండ రావడం కంటికి కనపడేది కాదు. ఒకరోజు ముందుకు పోయినట్టు ఉండేది, జ్వరం వస్తే రెండు వారాలు వెనక్కి పోయేది. పిల్లలూ, మీ దగ్గరికి వచ్చే మనిషి ఇంకా ఎన్నాళ్లు అని అడిగితే చిరాకు పడకండి. కరిగిపోవడం ఎంత త్వరగా జరుగుతుందో, తిరిగి రావడం అంత మొండికేస్తుంది. అది మనిషి తప్పు కాదు.

ఒక పొద్దున ఆ ఇంటి ముందు మామూలుగా ఆగాను. మగ్గం నడుస్తోంది. చెవి పెట్టాను. ఎడమ, కుడి, ఎడమ అని మనసులో అనుకుంటూ విన్నాను. ఎక్కడో తప్పాను. మళ్లీ మొదటి నుంచి విన్నాను. మళ్లీ తప్పాను. ఆలస్యం ఏ కాలిదో పట్టుకోవాలని కళ్లు మూసుకుని కూడా విన్నాను.

ముసలమ్మ వాకిట్లో పొయ్యి అలుకుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంది బిడ్డా, గాడ్నే నిలవడ్డవ్?"

"అవ్వా, ఏ కాలు తొక్కుతుండో తెలుస్త లేదు."

ఆమె నా పక్కన నిలబడి, తల కొంచెం వంచి తనూ విన్నది. లోపల మగ్గం ఆగకుండా నడుస్తోంది.

"మా ఆయన ఉన్నప్పుడు గిట్లనే ఇనవడేది," అంది.